టీకా పొందినవారికి ఏకాంతవాస నియమము: ఇన్సేన్ పేటను ముందుంచుకొని ఒక సమీక్ష

మహమ్మారి చెలరేగిన కాలమున ప్రభుత్వములు విధించిన నియమములలో రోగిని వేరుపరచవలయునన్న దానిని గూర్చి యెవ్వరికిని పెద్ద సందేహము కలుగలేదు. రోగిచెంత మెలగి, తాను మాత్రము ఆరోగ్యముగనే కానవచ్చు మనుష్యుని కొన్ని దినములు ఇంటనో విడిదిలోనో ఆపియుంచుటయే యెల్లప్పుడును వివాదమునకు మూలమైనది. అతనికి వ్యాధి సోకినదో లేదో అతనికిని తెలియదు, వైద్యునికిని తెలియదు. తెలియని ఆ కొద్ది దినములలో అతడు నలుగురిలో తిరిగినచో నలుగురికిని ముప్పు రావచ్చునన్న అనుమానముమీదనే ఆ నిర్బంధమంతయు నిలిచియున్నది. అట్టివాడు అంతకుముందే టీకా పొందియున్నచో ఆ అనుమానమెంత తగ్గును? అతనిని విడిచిపుచ్చవచ్చునా, విడిచినచో ఏ షరతులపైన, టీకా వేసికొన్న ఎన్నాళ్లవరకు? 2021 ఫిబ్రవరి మొదలు 2022 ఆగస్టువరకు లోకమందలి పెక్కు ప్రభుత్వములు ఈ ప్రశ్నకు సమాధానములు చెప్పినవి, చెప్పినవానిని తామే పలుమారులు దిద్దుకొన్నవి. ఆ సమాధానములను ఒకచోట కూర్చి, మియన్మార్ (పూర్వపు బర్మా) దేశమున యాంగోన్ నగరపు వాయవ్యభాగమందలి ఇన్సేన్ పేటలో వానిని నిలిపి పరీక్షించుట యీ వ్యాసమున నేను తలపెట్టిన పని.

ఇన్సేన్‌నే యెన్నుకొనుటకు కారణములున్నవి. వలసపాలనలో అది ప్రత్యేకమైన పట్టణము, ఒక జిల్లాకు ముఖ్యస్థానము. బ్రిటిషువారు 1887లో అచట కట్టిన కారాగారము నేటికిని ఆ దేశపు జైళ్లన్నిటిలో ప్రజలు భయముతో తలచుకొనునది. అదే పేటలో రైల్వే కర్మశాలలు, కరెను జాతి క్రైస్తవుల వేదాంత విద్యాలయములు, ఒక పెద్దాసుపత్రి కలవు. నగరమును చుట్టివచ్చు వలయ రైలుమార్గము ఆ పేట గుండ పోవును, కాయగూరల గంపలతో ఆ బండ్లలో ఎక్కువారు, దిగువారు తెల్లవారకమున్నే కానవత్తురు. మేడలున్నవి, వరుస ఇండ్లున్నవి, మూడు తరములవారు ఒకే గదిలో నిద్రించు కొంపలున్నవి. ఒకే నియమము ఇన్ని తీరుల నివాసములలో ఎట్లు వర్తించునో ఒక్క పేటలోనే చూడవచ్చును. మనకు మరియొక కారణము కూడ కలదు. ఉత్తరాంధ్ర పల్లెలలో పెద్దలు రంగమని చెప్పుకొను నగరము ఈ యాంగోనే. కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవుల నుండి ఓడల డెక్కుల మీద ఆ దేశమునకు కూలికై పోయిన తెలుగువారి సంతతి యాంగోన్‌లోను బగో ప్రాంతమందును నేటికిని కాపురమున్నది. కోరంగివారని బర్మాలో పిలువబడిన ఆ జనము, రేవులో దిగిన నాటినుండి, ఆరోగ్యాధికారుల పరీక్షలకును అనుమానములకును లోబడి బ్రతికినవారే.

ఆరోగ్యవంతుని అనుమానముపై ఆపియుంచుట నేటిది కాదు. ఏడ్రియాటిక్ తీరమందలి రగూసా రేవువారు 1377లోనే, తెగులు తగిలిన ఊళ్లనుండి వచ్చువారిని 30 దినములు దూరముననుంచి పిమ్మట లోనికి రానిచ్చిరి. ఆ గడువు తరువాత 40 దినములైనది. టీకాయు నిర్బంధమును ఒకదానికొకటి ఎదురుపడిన చోట్లలో మన దేశమొకటి. 1896లో బొంబాయిలో ప్లేగు పొడసూపినపుడు, వాల్డెమార్ హాఫ్కిన్ అను శాస్త్రజ్ఞుడు టీకామందు తయారుచేసి 1897 జనవరిలో మొదట తనకే వేసికొని, పిదప బైకుల్లా కారాగారమందలి ఖైదీలలో ఇష్టపడినవారికి వేసెను. అదే సంవత్సరమున అంటువ్యాధుల చట్టము వచ్చెను. ఆ చట్టపు అండతో ఇండ్లు సోదాచేసిరి, రోగుల బంధువులను వేర్పాటు శిబిరములకు తరలించిరి, రైలు ప్రయాణికులను ఆపి పరీక్షించిరి. చెన్నరాష్ట్రమున తెగులున్న చోటినుండి వచ్చువాడు ప్లేగు పాస్‌పోర్టు చేతబట్టుకొని, పది దినములపాటు ప్రతిదినము అధికారికి తన ముఖము చూపవలసియుండెను. ఇట్టి కఠిన నియమముల నడుమ, టీకా పత్రము చూపగలవారికి కొన్ని తావుల ఆ కట్టుబాట్లనుండి సడలింపు దొరకినది. జనులు టీకాకు రోగభయముచేత వచ్చిరా, శిబిరభయముచేత వచ్చిరా యన్నది అప్పటి అధికారులే తేల్చుకొనలేకపోయిరి. 1902 అక్టోబరులో పంజాబునందలి ముల్కోవాల్ గ్రామమున ఒక సీసాలోని మందు చెడి, టీకా పొందినవారిలో 19 మంది ధనుర్వాతముచే మరణించినపుడు, టీకాపై జనులకు కలిగిన అవిశ్వాసము చాలకాలము నిలిచినది. 1905లో ప్లేగు రంగూనునకు, అనగా నేటి యాంగోన్ నగరమునకు, కూడ చేరినది. అప్పటికి బర్మా బ్రిటిషిండియాలో ఒక రాష్ట్రమే. 1937 ఏప్రిలుదాక ఆ సంబంధము సాగినది.

ఈ పాత కథను ఇంత చెప్పుటకు కారణము, అందులో నేటి వివాదమందలి మూలాంశము అప్పటికే తేటపడియుండుట. నిర్బంధమునుండి విడుదలను టీకాకు ప్రతిఫలముగా చూపుట ఒక దారి. టీకా పొందినవానివలన ఇతరులకు కలుగగల అపాయమెంతయో లెక్కించి, ఆ లెక్కనుబట్టి విడుదల చేయుట మరియొక దారి. పైకి రెండును ఒకే ఉత్తరువుగా కనబడును. అపాయపు లెక్క మారిననాడు మాత్రము రెండవ దారిన పోవు ప్రభుత్వము నియమమును సులువుగా మార్చుకొనును. మొదటి దారిన పోయిన ప్రభుత్వము మాట తప్పినదని జనులచేత అనిపించుకొనును.

ఇక ఇన్సేన్‌కు వత్తము. మియన్మార్ దేశమున కోవిడ్ మొదటి కేసులను 2020 మార్చి 23న ప్రకటించిరి. ఏప్రిల్ నెలలో యాంగోన్ నగరపు కేసులలో ఇన్సేన్ ముందువరుసకు వచ్చెను. క్రైస్తవ ప్రార్థనాసమావేశములలో కలిసినవారినుండి వారి కుటుంబములకును ఇరుగుపొరుగులకును వ్యాధి పాకినది. ఏప్రిల్ 18న నగరమందలి ఏడు పేటలకు ఇల్లు కదలరాదని ఆజ్ఞ వెలువడినపుడు వానిలో ఇన్సేన్ ఒకటి. సరకులకై ఇంటికొకరు, ఆసుపత్రికైనచో ఇద్దరు మాత్రమే బయటికి రావచ్చును. రోగితో సంపర్కము కలిగినవారి విషయమున ఆ దేశపు నియమము ఆసియాలోనే మిక్కిలి కఠినమైనవానిలో చేరదగినది: 21 దినములు ప్రభుత్వ విడిదిలో, ఆపై 7 దినములు ఇంటియందు. బడులు, మఠములు, ప్రభుత్వ కార్యాలయములు విడిదులైనవి. వానిని నడిపినవారిలో అధికభాగము జీతములేని యువకులు. వారే అన్నము మోసిరి, వారే గదులు తుడిచిరి, వారే రాత్రులు కాపలా ఉండిరి. నియమమును మీరినవారిపై 1995 నాటి అంటువ్యాధుల నివారణ చట్టము క్రిందను, 2013 నాటి ప్రకృతి వైపరీత్యముల చట్టము క్రిందను కేసులు పెట్టిరి.

ఇరువది యొక్క దినములు వైద్యదృష్టిచే అవసరమా? కాదనియే చెప్పవలయును. 2020 మార్చిలోనే ప్రకటితమైన ఒక పరిశోధన, వ్యాధి సోకినది మొదలు లక్షణములు కనబడువరకు పట్టు కాలము మధ్యస్థముగా 5.1 దినములనియు, లక్షణములు కనబరచువారిలో నూటికి 97 మందికి పైగా 11.5 దినములలోపలనే కనబరతురనియు చూపెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 14 దినములు ఈ లెక్కకు తగినవి. ఆపై వారము కలుపుటవలన పట్టువడు రోగులు అత్యల్పులు. దినకూలి కోల్పోవువారు మాత్రము విడిదిలోనున్న ప్రతివారును. అయినను 2020 వేసవిలో ఇన్సేన్ ప్రజలు ఆ నియమమునకు చాలవరకు లోబడిరనుట నిజము. పరీక్షలు తక్కువ, ఆసుపత్రులు తక్కువ, కావున ముందే ఆపివేయుటయే దారియని వారు నమ్మిరి, నమ్మినందున సహించిరి. ఆగస్టులో రఖైన్ రాష్ట్రమునుండి రెండవ కెరటము లేచి యాంగోన్‌ను ముంచినపుడు, ప్రతి రోగిని ఆసుపత్రిలోను ప్రతి సంపర్కిని విడిదిలోను ఉంచు ఆ పద్ధతి పదులవేలమందిని మోయవలసి వచ్చి, తన బరువుచేతనే క్రుంగినది. ఆటస్థలములు కూడ విడిదులైనవి. రోగమున్నవానిని లేనివానిని ఒకే కప్పుక్రింద గుంపుగానుంచుటవలన, కాపాడుటకు కట్టిన చోటనే అంటు పెరుగు ప్రమాదము వచ్చిపడినది.

మన తెలుగునాట కూడ అదే సంవత్సరమున ఇట్టివే చూచితిమి. తెలంగాణమున 2020 మార్చి 2న, ఆంధ్రప్రదేశమున నెల్లూరునందు మార్చి 12న మొదటి కేసులు బయటపడిన పిమ్మట, విదేశములనుండి వచ్చినవారికి ముంజేతిపై చెరగని సిరాతో ముద్రలు వేసిరి, ఇండ్ల గోడలకు కాగితములు అంటించిరి. పూర్వము అమ్మవారు పోసిన ఇంటి గుమ్మమునకు వేపమండలు కట్టుట మన పల్లెలలో ఆచారము. వేపమండను చూచినవాడు లోనికి పోడు గాని, ఆ ఇంటివారిని నిందింపడు, గడప వెలుపల పాలో మజ్జిగయో పెట్టి పోవును. గోడకాగితము మాత్రము నిందను తెచ్చినది. 2020 డిసెంబరు 9న సుప్రీంకోర్టు, అధికారము కలవారు విపత్తుల చట్టము క్రింద ప్రత్యేకముగా ఆదేశించిననే తప్ప అట్టి కాగితములు అంటింపరాదని చెప్పుట మంచి పని. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని జనులు కోరంటి దవాఖానా యని పిలుచుటనుబట్టి, ఈ నిర్బంధము మన బ్రదుకులలో ఎంతటి పాతదో తెలియుచున్నది.

ఇంతలో టీకాలు వచ్చినవి. భారతదేశము కానుకగా పంపిన పదునైదు లక్షల కోవిషీల్డ్ మోతాదులు 2021 జనవరి 22న యాంగోన్ చేరినవి. 27న వైద్య సిబ్బందికి వేయుట మొదలిడిరి. అయిదు దినములు గడచెను. ఫిబ్రవరి 1న సైన్యము ప్రభుత్వమును కూలద్రోసెను. మరునాటినుండి వైద్యులు, నర్సులు సహాయ నిరాకరణమునకు పూనుకొని ప్రభుత్వ ఆసుపత్రులను విడిచిపెట్టిరి. సరిగా ఆ నెల 10వ తేదీన అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమువారు, రెండు మోతాదులు పూర్తియై రెండు వారములు గడచి, మూడు నెలలు మించకుండ, లక్షణములు లేనివారు రోగితో సంపర్కము కలిగినను ఏకాంతవాసము చేయనక్కరలేదని ప్రకటించిరి. ఈ వ్యాసపు తొలి ప్రశ్నకు లోకమున వచ్చిన పేరెన్నికగన్న సమాధానములలో అది మొదటి వరుసలోనిది. ఇన్సేన్‌లోని తల్లిదండ్రులు అప్పుడు టీకాను గూర్చి ఆలోచించు స్థితిలో లేరు. అరెస్టయిన తమ పిల్లలను వెదకుకొనుచు కారాగారపు ద్వారమున నిలిచియుండిరి.

ఆ మొదటి సమాధానమందలి మూడు నెలల గడువును నేను మెచ్చుకొందును. టీకావలన లక్షణములతో కూడిన వ్యాధి తగ్గుట అప్పటికి రుజువైనది; అంటించు శక్తి ఎంత తగ్గునో, ఎన్నాళ్లు తగ్గియుండునో రుజువు కాలేదు. తెలిసినంతమేరకే నియమము చేసి, తెలియని దానికి గడువు పెట్టుట శాస్త్రవిధేయమైన పద్ధతి. జూన్ నాటికి ఇంగ్లండు కుటుంబములపై జరిగిన పెద్ద పరిశీలన, ఒక్క మోతాదు పొందినవాడు రోగియైనను, ఇంటిలోనివారికి అంటించుట టీకాలేనివానికంటె నూటికి 40 నుండి 50 వంతులు తక్కువయని చూపెను. సడలింపునకు ఇది బలమైన ఆధారము. వేల్సు ఆగస్టు 7న, స్కాట్లండు 9న, ఇంగ్లండు 16న టీకా పూర్తియైన సంపర్కులను పది దినముల నిర్బంధమునుండి విడిచినవి. అంతకుముందు జులైలో ఇంగ్లండున చరవాణి యాప్ హెచ్చరికలతో లక్షలమంది ఇంటబడి, దుకాణములు, బండ్లు, కర్మాగారములు నిలిచిపోయినందున, ఆ సడలింపుపై వర్తకుల ఒత్తిడియు తక్కువది కాదు.

అప్పటికే వైరసు యొక్క డెల్టా రూపము వచ్చినది. 2021 జులైలో అమెరికా మసాచుసెట్స్ రాష్ట్రపు తీరమందలి ప్రావిన్స్‌టౌన్ అను వేసవి విడిదియూరిలో ఉత్సవములకు వచ్చినవారినుండి బయలుదేరిన 469 కేసులలో 346 మంది, అనగా నూటికి 74 మంది, రెండు మోతాదులు పూర్తియైనవారే. టీకా పొందినవారెక్కువగా గుమిగూడిన చోట రోగులలో కూడ వారెక్కువగానుండుట సహజమే. ఆసుపత్రి పాలైనవారు కొందరే. అయినను వారి ముక్కుగొంతులలోని వైరసు పరిమాణము టీకాలేనివారి దానికి దగ్గరగానుండుట అధికారులను కలవరపెట్టినది. అక్టోబరున లాన్సెట్ వారి పత్రికలో వచ్చిన లండను పరిశీలన మరికొంత తేటపరచెను: డెల్టా రోగితో ఒకే ఇంటనున్నవారిలో టీకా పొందినవారికి నూటికి 25 మందికి, పొందనివారికి 38 మందికి వ్యాధి సోకినది, టీకా పొందినవారిలో వైరసు శిఖరమంత ఎత్తునకే లేచినను త్వరగా దిగిపోయినది. తరువాతి పరిశోధనలు ఆ రక్షణయు మూడు నెలలలో గణనీయముగా పలుచబడునని చూపినవి. నలుగురిలో ఒకరికి సోకు అపాయమును ఏమియు లేనట్లు చూచుట తప్పు. పూర్వమున్నంత ఉన్నట్లు చూచుటయు తప్పే. అమెరికావారు జులై 27నుండి, టీకా పొందిన సంపర్కి ఇంట కూర్చుండనక్కరలేదు గాని, 3 మొదలు 5 దినములలో పరీక్ష చేయించుకొని 14 దినములు నలుగురిలో ముసుగు ధరింపవలయుననిరి. ఇది ఇంటిలో మూసియుంచుటకును పూర్తిగ విడుచుటకును నడుమనున్న మార్గము. నా దృష్టిలో ఈ రెండేండ్లలో వచ్చిన నియమములలో మిక్కిలి ఆలోచనతో చేసినది.

ఒమిక్రాన్‌తో కథ వేగముగా నడచినది. 2021 నవంబరు 30న ఇంగ్లండు, ఒమిక్రాన్ సంపర్కులు టీకా ఉన్నను లేకున్నను పది దినములు ఇంటనుండవలెననెను. రెండు వారములు తిరుగగానే, డిసెంబరు 14న, టీకా పొందినవారికి ఏడు దినములపాటు దినదిన పరీక్షగా దానిని మార్చెను. డిసెంబరు 27న అమెరికా, బూస్టరు మోతాదుకు కాలము వచ్చినను దానిని పొందనివారికి అయిదు దినముల నిర్బంధము చాలుననెను. 2022 ఫిబ్రవరి 24న ఇంగ్లండులో చట్టబద్ధమైన నిర్బంధము పోయినది. ఆగస్టు 11న అమెరికాలో సంపర్కులకు టీకాతో నిమిత్తము లేకుండ ఏకాంతవాసపు సలహాయే తీసివేసిరి. భారతదేశము టీకాను ఈ విషయమున పెద్ద గీటురాయిగా వాడలేదు. 2022 జనవరి 10న వైద్య పరిశోధన మండలి, లక్షణములు లేని సంపర్కులు ఎక్కువ ముప్పు కలవారైననే తప్ప పరీక్షయే అక్కరలేదని చెప్పి ఆ చిక్కును వేరొక విధముగ దాటినది.

ఎవరి టీకా టీకాయన్న ప్రశ్న ఒకటి నడుమ తలెత్తినది. ఇంగ్లండు 2021 ఆగస్టులో ఇచ్చిన సడలింపు ఆ దేశమున టీకా పొందినవారికే. హైదరాబాదునందో విజయవాడయందో కోవిషీల్డ్ వేయించుకొని చదువునకు పోయిన తెలుగు విద్యార్థి, అదే మందు ఆస్ట్రాజెనెకా పేరుతో లండనులో వేయించుకొన్న సహపాఠి తరగతికి పోవుచుండగా, తాను గదిలో కూర్చుండవలసి వచ్చెను. ప్రయాణికుల విషయమున కూడ కోవిషీల్డ్ పత్రమును ఆ దేశము ఒప్పుకొనకపోగా, భారతదేశము అక్టోబరులో బ్రిటిషు ప్రయాణికులకు పది దినముల నిర్బంధము ఎదురు విధించినది. అక్టోబరు 11నుండి వారు మెత్తబడిరి. హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ నవంబరు 3న ఆమోదించువరకు ఆ మందు పొందినవారి గతి ఇంకను కష్టము. సీసాలోని మందు ఒక్కటేయైనపుడు పత్రముపైనున్న దేశపు పేరునుబట్టి మనుష్యుని ఆపుట అపాయపు లెక్క కానేకాదు.

ఇప్పుడు 2021 జులై మాసపు ఇన్సేన్‌ను చూడవలయును. లండనులో సంపర్కులను విడుచుటను గూర్చి చర్చ జరుగుచున్న ఆ దినములలోనే యాంగోన్ జనులు ఖాళీ సిలిండర్లతో ఆమ్లజని కర్మాగారముల ముందు వరుసలు కట్టిరి. ప్రైవేటు వ్యక్తులకు ఆమ్లజని అమ్మరాదను కట్టడి వచ్చినది. సర్కారు లెక్కలలోనే దినమునకు ఏడువేల కేసులు దాటినవి; పరీక్షించినవారిలో మూడవవంతు రోగులు. జులై 17నుండి దేశమంతట సెలవులు ప్రకటించిరి. సాయము కావలసిన ఇండ్లవారు పసుపు గుడ్డయో తెల్ల గుడ్డయో కిటికీకి కట్టిరి. టీకాల కార్యక్రమమునకు అధిపతిగానుండిన డాక్టర్ థార్ థార్ లిన్‌ను జూన్‌లో అరెస్టు చేసిరి. ముందటి యేడు విడిదులు నడిపిన యువకులు దాగుకొనిరి లేక జైలులోనుండిరి. సంపర్కులను వెదకువారు లేరు. వెదకినను, తలుపు తట్టినవాడు ఆరోగ్యోద్యోగియో సైనికుడో తెలియక జనులు తలుపు తీయరు. భారతదేశమునుండి టీకాల ఎగుమతి తన రెండవ కెరటముతో నిలిచిపోగా మోతాదులు కొరతపడినవి. ఉన్నచోట కూడ సైనిక ప్రభుత్వపు చేతినుండి టీకా తీసికొనుట వారిని అంగీకరించుటయేయని తలచి వెనుకాడినవారున్నారు. ఆ వెనుకాటును నేను సమర్థింపను, నిందింపను కూడ. టీకా పొందిన సంపర్కికి ఏమి నియమమన్న ప్రశ్న అడుగుటకు టీకాయు, పరీక్షయు, సంపర్కమును తెలుపువాడును, వాని మాట నమ్మువాడును, ఈ నాల్గును కావలయును. ఇన్సేన్‌లో ఆ నెలలో ఆ నాల్గింటిలో ఏదియు చాలినంత లేదు.

అయినను ఆ పేట నడుమ గోడలలోపల ఆ ప్రశ్న మిక్కిలి కఠినముగా నిలిచియున్నది. సుమారు అయిదువేలమందికై ఉద్దేశింపబడినదని చెప్పు కారాగారమున పదివేలకు మించి జనమున్నారని పరిశీలకుల అంచనా. ఒక గదిలో ఒకనికి జ్వరము వచ్చినచో సంపర్కి కానివాడెవడు? మోచేతికి మోచేయి తగులునట్లు పండుకొన్నవారిలో ఎవ్వరిని ఎవ్వరినుండి వేరుచేయుదురు? జాతీయ ప్రజాస్వామ్య సమితి యను పక్షపు సీనియరు నాయకుడును, ఆ పక్షాధినేత్రి ఆంగ్ సాన్ సూచీ న్యాయవాదియునైన న్యాన్ విన్ అచట ఖైదులోనుండగా వ్యాధి తగిలి, 2021 జులై 20న ఆసుపత్రిలో మరణించెను. మూడు దినములకు, 23న, ఖైదీలు వైద్యమునకై గోడలు దాటి వినబడునట్లు నినాదములు చేసిరి. నెలాఖరున అచట టీకాలు వేయుట మొదలైనది. బైకుల్లా జైలులో 1897లో జరిగినది వ్యాధి విజృంభించిన తొలి దినములలోనే. ఇన్సేన్‌లో అది చావుల తరువాత వచ్చినది.

కారాగారముల విషయమున అమెరికావారి తొలి నియమము గమనింపదగినది. బయటివారికి సడలింపు ఇచ్చిన తరువాత కూడ, 2021 మార్చిలో వారు జైళ్లయందును అట్టి సామూహిక నివాసములయందును ఉన్నవారు టీకా పొందినను సంపర్కము పిమ్మట 14 దినములు వేరుగనుండవలయుననిరి. అనేకులు క్రిక్కిరిసి జీవించుచోట ఒక్కని వలన కలుగు నష్టము ఎక్కువ గావున వైద్యదృష్టిచే ఆ తీర్పు సరియైనదే. దానిని గోడలోపల పాటించుట మాత్రము గదులున్నపుడే సాధ్యము. గదులు లేనిచోట ఆ నియమము ఖైదీని ఏకాంత శిక్షాకొట్టునకు పంపుటగానో, మొత్తము బ్యారకునకు తాళమువేసి వదలుటగానో పరిణమించును. రోగిచెంత మెలగిన దురదృష్టమునకు అదనపు శిక్ష పడును.

ఈ సమీక్ష అంతయు చదివిన తరువాత నాకు దృఢముగా తోచినది ఒక్కటి. టీకా పొందిన సంపర్కిని విడుచుట తప్పు కాదు. టీకా ఒక్కదానినే చూచి విడుచుట చాలదు. చివరి మోతాదుకు ఎన్ని నెలలైనది, ప్రబలినది ఏ రూపపు వైరసు, ఆ మనుష్యుడు ఎటువంటి ఇంట, ఎవరితో నివసించును, ఎవరికి సేవచేయును అన్న మూడు విషయములును టీకాతోపాటు తూచవలయును. మేడలో వేరు గది కలవానికిని, అవ్వ మంచము ప్రక్కన చాపవేసికొని నిద్రించువానికిని ఒకే సడలింపు ఇచ్చుట సమానత్వము వలె కనబడును గాని, అపాయమంతయు ఆ అవ్వపైననే పడును. ఆగుమన్న ప్రభుత్వము ఆగినవానికి అన్నము పెట్టవలయును. ఇంగ్లండు 2020 సెప్టెంబరు 28న నిర్బంధమును చట్టబద్ధము చేసి, మీరినవారికి వేయి పౌండ్లు మొదలుకొని జరిమానా విధించుచు, అదేనాడు తక్కువ ఆదాయమువారికి 500 పౌండ్ల సహాయమును నెలకొల్పెను. అయినను అచట లక్షణములున్నవారిలోనే సగముకంటె తక్కువమంది మాత్రము నియమమును పూర్తిగ పాటించిరని పరిశోధకులు తేల్చిరి. సాయమున్నచోటనే ఇట్లుండగా, సాయములేని ఇన్సేన్ సందులో కాయగూరల గంప దించినచో ఆ పూట పొయ్యి వెలుగని స్త్రీని పదునాలుగు దినములు కూర్చుండుమనుట న్యాయము కాదు. దినదిన పరీక్షతో పనికి పోనిచ్చుట ఆమెకు తగిన నియమము. ఇంగ్లండున 201 బడులలో జరిగిన ప్రయోగము, సంపర్కులైన పిల్లలను ఇంట కూర్చుండబెట్టుటకు బదులు ప్రతిదినము పరీక్షించి బడికి రానిచ్చినను అంటు చెప్పుకొనదగినంతగా పెరుగలేదని చూపియున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. మియన్మార్ సర్కారు లెక్కలలో చనిపోయినవారు 19,494 మంది. 2021 జులైలో ఇంటనే ప్రాణము విడిచిన వారందరు ఆ లెక్కలోనున్నారని నమ్మువారు కొద్దిమంది. మరియొక వ్యాధి వచ్చుననుటలో శాస్త్రజ్ఞులకు సందేహము లేదు. అప్పుడు ఇన్సేన్ వంటి పేటలకు ముందుగా కావలసినవి చవుకైన పరీక్షాపత్రములు, జనులు పేరు పెట్టి పిలువగల పేటవైద్యుడు, అయిదు దినముల తిండి, టీకా వచ్చినపుడు సైనికుడు ప్రక్కన నిలువని టీకా కేంద్రము. కారాగారము విషయమున మాత్రము సంపర్కుల నియమమునకు ముందు చేయవలసిన పని వేరొకటి కలదు. గోడలలోపలి జనమును గదులకు సరిపడునట్లు తగ్గించుట. విచారణలేక మగ్గువారిని, చిన్న నేరములవారిని, వృద్ధులను, రోగులను ముందు పంపివేసిన పిమ్మటనే మిగిలినవారికి వేరుగానుండుడని చెప్పుట అర్థవంతమగును. 2020 ఏప్రిల్ 17న, ఇన్సేన్ ఇల్లు కదలరాదన్న ఆజ్ఞకు సరిగా ఒక దినము ముందు, కొత్త సంవత్సరపు క్షమాభిక్షతో ఒక్క ఉత్తరువున 24,896 మంది ఖైదీలను విడిచిపెట్టిన దేశమది. ఆ పని మరల చేయుట దానికి అసాధ్యము కాదు.